ఏటికొప్పాక లక్కపనిలో వర్ణద్రవ్యాలు: ఖనిజం నుండి చెట్టుకు

ఎలమంచిలి మండలంలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక లక్కబొమ్మల చరిత్రను మూడు దశలుగా చెప్పడం పరిపాటి: పూర్వం సహజవర్ణాలు, నడుమ రసాయనాలు, ఆపై సహజవర్ణాల పునరుద్ధరణ. ఈ కథనంలో ‘సహజం’ అన్న మాట పరిశీలనకు నిలవదు. భారతీయ లక్కపనిలో ఎరుపునకు ఇంగిలీకం, పసుపునకు హరిదళం వాడిన సంప్రదాయం ఉన్నది. రెండూ భూమిలో దొరికే ఖనిజాలే; మొదటిది పాదరసపు గంధకం, రెండవది ఆర్సెనిక్ గంధకం. ప్రాచీనమైనంత మాత్రాన పసిపిల్లల నోటికి అందదగినవి కావు.

1988లో ఐరోపా సమాజం బొమ్మల భద్రతపై ఆదేశం వెలువరించి, సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, బేరియం, ఆంటిమొని, సెలీనియం అను ఎనిమిది మూలకాలకు పరిమితులు విధించినది. వాటిలో కృత్రిమమేది, సహజమేది అన్న విచక్షణ లేదు. విషమా, కాదా అన్నదే ప్రశ్న.

ఏటికొప్పాకలో సి. వి. రాజు చేసిన కృషిని ఈ వెలుగులో చూడవలెను. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వృక్షవర్ణాలను లక్కకు పొసగించుట సులభము కాదు. నూలుబట్ట వలె లక్క రంగునీటిని పీల్చుకోదు. రంగు లక్కలోనే కలిసి, తరిమెనపై తిరిగే కొయ్య ఒరిపిడి వేడికి కరిగి, చెదరక పరచుకోవలెను. కనుక ఆయన చేసినది పాతదానిని తిరిగి తెచ్చుట కంటె, ఖనిజం స్థానంలో చెట్టును నిలిపిన కొత్త ప్రయోగమనుట సమంజసము. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ లభించినవి.

రంగు మారినను కొయ్య మారలేదు. మెత్తని, తెల్లని అంకుడు కర్రే నేటికీ ఆధారము. గనిని విడిచిన కళ ఆ మేరకు కొండపై మరింత ఆధారపడినది. పరిసరపు కొండలలో అంకుడు తరిగిపోవుచుండుట పనివారి ప్రధాన సమస్య. పురస్కారాల ప్రస్తావనలో ఇది తరచు మరుగున పడును. అంకుడు మొదలు మిగిల్చి నరికినచో తిరిగి చిగురించే జాతి. వేళ్ళతో పెకలించినచో ఆ అవకాశము ఉండదు.