తెర మీద చదరంగం: కోనేరు హంపి ఆన్‌లైన్ ఆట, దిద్దుకోవలసిన చోట్లు

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంపాదక మిత్రులు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మన కళ్ళముందు జరిగిన ఒక చిన్న చరిత్రను ఎంచుకున్నాను. గుడివాడలో పుట్టి ప్రపంచ చదరంగంలో పాతికేళ్ళుగా నిలబడ్డ కోనేరు హంపి, 2020లో ఆట మొత్తం కంప్యూటర్ తెర మీదికి మారినప్పుడు ఎలా ఆడింది? ఎక్కడ గెలిచింది, ఎక్కడ తడబడింది? ఆ తడబాటులో ఆమె ఆటకు సంబంధించినది ఎంత, గడియారానిది ఎంత, తీగది ఎంత?

నేను చదరంగ పండితుణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా టెలికాం రంగంలో పనిచేస్తున్న ఇంజినీరుని. అందుకే ఈ ఆటను ఎత్తుల వైపు నుంచి కన్నా గడియారం వైపు నుంచి, తీగ వైపు నుంచి ఎక్కువగా చూస్తాను.

దూరాన ఉన్న ఇద్దరు చదరంగం ఆడటం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. ఉత్తరాల మీద ఆడుకోవడం చాలా పాత అలవాటు. 1844లో మోర్స్ టెలిగ్రాఫ్ లైను పడిన కొద్ది నెలలకే వాషింగ్టన్, బాల్టిమోర్ ఆటగాళ్ళు ఆ తీగ మీద ఆడారు. 1945 సెప్టెంబరులో అమెరికా, సోవియట్ జట్లు రేడియో ద్వారా పది బల్లల మీద తలపడితే సోవియట్ జట్టు 15.5–4.5తో గెలిచింది. 1965లో బాబీ ఫిషర్ హవానా టోర్నమెంటును న్యూయార్క్‌లోని మార్షల్ చెస్ క్లబ్‌లో కూర్చుని టెలిప్రింటర్ మీద ఆడాడు. అక్కడ ఎత్తు వేయడం, దాన్ని పంపడం, అవతల అందుకోవడం, మళ్ళీ జవాబు రావడం, ఇదంతా నిదానంగా సాగేది. తీగ ఆలస్యమైతే ఆట ఆలస్యమయ్యేది, అంతే. ఆటగాడు ఓడిపోయేవాడు కాదు.

1992లో ఇంటర్నెట్ మీద తొలి చదరంగ సర్వర్ వచ్చాక ఈ లెక్క మారింది. గడియారం సర్వర్ చేతికి పోయింది. ఎత్తు ప్రయాణించే సమయం కూడా ఆటగాడి ఖాతాలో పడసాగింది. తర్వాత ఆ ప్రయాణ కాలాన్ని లెక్కలోంచి తీసేసే ప్రోగ్రాములు వచ్చాయి గానీ, లైను పూర్తిగా తెగిపోతే ఏ ప్రోగ్రామూ కాపాడలేదు. గడియారం నడుస్తూనే ఉంటుంది.

హంపి పెరిగింది ఈ ప్రపంచంలో కాదు, కర్ర పావుల ప్రపంచంలో. 1987 మార్చి 31న పుట్టిన ఆమెకు తండ్రి కోనేరు అశోక్ గారే గురువు. ఛాంపియన్ అనే మాటలోంచే ఆ పేరు పుట్టిందని చదరంగం వాళ్ళందరికీ తెలుసు. పదేళ్ళలోపు, పన్నెండేళ్ళలోపు, పద్నాలుగేళ్ళలోపు బాలికల ప్రపంచ టైటిళ్ళు, 2001లో ప్రపంచ జూనియర్ టైటిల్ వరుసగా వచ్చాయి. 2002లో 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, జుడిత్ పోల్గార్ పేరున ఉన్న రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. 2007లో 2600 రేటింగ్ దాటిన రెండో మహిళ అయింది. 2011లో తిరానాలో ప్రపంచ టైటిల్ కోసం చైనా క్రీడాకారిణి హౌ యీఫాన్‌తో ఆడి ఓడింది. తల్లి కావడంతో రెండేళ్ళు ఆటకు దూరమై, తిరిగి వచ్చి 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. మూడు నెలలకు కరోనా వచ్చి బల్లలన్నీ మూతపడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. అరవై ఎత్తుల ఆట అనుకుందాం. 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిపే క్లాసికల్ ఆటలో మొదటి 40 ఎత్తులకు సగటున 165 సెకన్ల చొప్పున దొరుకుతాయి. 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల ఆటలో 20 సెకన్లు. 5 నిమిషాలు, 1 సెకను ఆటలో 6 సెకన్లు. 1 నిమిషం, 1 సెకను ఆటలో 2 సెకన్లు. ఆ రెండు సెకన్లలోనే చూడాలి, తేల్చుకోవాలి, మౌస్‌తో పావును లాగి సరైన గడిలో వదలాలి. చేతి పనికే అర సెకను పోతే మెదడుకు మిగిలేది ఒకటిన్నర సెకను. ఆన్‌లైన్‌లో పెరిగిన పిల్లలు అవతలివారి గడియారం నడుస్తుండగానే తమ జవాబును ముందుగా పెట్టేస్తారు. దాన్ని ప్రీమూవ్ అంటారు. దానికి ఖర్చయ్యే కాలం దాదాపు సున్నా. కర్ర బల్ల మీద అలాంటి సౌకర్యం లేదు కాబట్టి ఆ అలవాటు అక్కడ పుట్టదు.

2020 జులై మొదటి వారంలో ఆన్‌లైన్ మహిళల స్పీడ్ చెస్ రెండో అంచె జరిగింది. ఒక్కో పోటీలో ముందు 5 నిమిషాల ఆటలు, తర్వాత 3 నిమిషాలవి, చివర 1 నిమిషంవి. సెమీఫైనల్లో ఎదురుగా హౌ యీఫాన్. తిరానాలో ఓడించిన మనిషే, అప్పటికి రేటింగులో మహిళలందరికన్నా పైన ఉన్న మనిషి. హంపి 6–5తో గెలిచింది. ఆన్‌లైన్ మెరుపు ఆటలో ఆమెకు పెద్ద పేరు లేదు కాబట్టి చాలామంది ఈ ఫలితం ఊహించలేదు. ఫైనల్లో మాత్రం ఉక్రెయిన్‌కు చెందిన మాజీ ప్రపంచ ఛాంపియన్ అన్నా ఉషెనినా చేతిలో ఓడింది.

ఆగస్టులో తొలి ఆన్‌లైన్ ఒలింపియాడ్ వచ్చింది. ఆరు బల్లలు. ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు, ఒక జూనియర్ అబ్బాయి, ఒక జూనియర్ అమ్మాయి. విదిత్ గుజరాతీ కెప్టెన్‌గా ఉన్న మన జట్టులో ఆనంద్‌తో పాటు గుంటూరు వాళ్ళిద్దరు, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక కూడా ఉన్నారు. సెమీఫైనల్లో పోలండ్ మీద మొదటి రౌండు పోయింది, రెండోది వచ్చింది. తేల్చడానికి ఒకే ఒక్క ఆర్మగెడాన్ ఆట. అందులో నల్ల పావులకు సమయం తక్కువ, కానీ డ్రా అయినా నల్లవాళ్ళదే గెలుపు. దేశం తరఫున ఆ కుర్చీలో కూర్చున్నది హంపి. నల్ల పావులు తీసుకుని మోనికా సోచ్కోను ఓడించి జట్టును ఫైనల్‌కు చేర్చింది.

ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి రౌండు 3–3. రెండో రౌండు మధ్యలో నిహాల్ సరీన్‌కు, పద్నాలుగేళ్ళ దివ్య దేశ్‌ముఖ్‌కు సర్వర్‌తో లింకు తెగింది. దివ్య మెరుగైన స్థితిలో ఉంది. అయినా ఇద్దరూ గడియారం మీద ఓడినట్టు నమోదైంది. అదే రోజు ప్రపంచమంతటా ఇంటర్నెట్‌లో పెద్ద అంతరాయం వచ్చింది. మొదట రష్యానే విజేత అన్నారు. భారత్ అప్పీలు చేసింది. చివరికి ఫిడే అధ్యక్షుడు ఆర్కాడీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు. అది దానం చేసిన పతకమని అప్పట్లో కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. తీగ తెగినప్పుడు ఆగిపోయేది ఆట గానీ, ఆటగాడి బలం కాదు. టెలిప్రింటర్ రోజుల్లో ఫిషర్‌కు దొరికిన న్యాయమే ఈ పిల్లలకూ దొరికింది.

ఇప్పుడు దిద్దుకోవలసిన చోట్లకు వద్దాం. హంపికి వేగం లేదు అన్నది తేలిగ్గా అనేసే మాట. అది నిజం కాదనడానికి 2022 డిసెంబరు అల్మాటీ సాక్ష్యం. ప్రపంచ బ్లిట్జ్ పోటీలో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. మన లెక్క ప్రకారం ఎత్తుకు 5 సెకన్లే. అక్కడ 17 ఆటల్లో 12.5 పాయింట్లు తెచ్చుకుని, విజేత బిబిసారా అసౌబయేవాకు అర పాయింటు దూరంలో వెండి పతకం గెలిచింది. ఐదు సెకన్లలో బల్ల మీద ఆడగలిగిన మనిషికి ఆరు సెకన్ల ఆట తెర మీద కష్టమైతే, కారణం ఆలోచన వేగం కాదు. మూడు చోట్ల వెతకాలి.

మొదటిది సమయాన్ని పంచుకునే తీరు. లోతుగా చూసే ఆటగాళ్ళు ఆట మధ్యలో ఒక్క ఎత్తు మీద ఎక్కువ సమయం పెడతారు. ప్రతి ఎత్తుకు 30 సెకన్లు తిరిగి వచ్చే చోట ఆ అప్పు తీరుతుంది. ఒక్క సెకను వచ్చే చోట తీరదు. ఇది ఆన్‌లైన్‌కే పరిమితం కాదు. 2025 జులైలో బటుమి ప్రపంచ కప్ ఫైనల్లో రెండు క్లాసికల్ ఆటలు డ్రా అయ్యాక, ర్యాపిడ్ రెండో ఆటలో గడియారం ఒత్తిడిలో పడ్డ పొరపాట్లే ఆమెకు టైటిల్ దూరం చేశాయి. గెలిచింది ఎవరో కాదు, అయిదేళ్ళ కిందట లింకు తెగి ఓడిన అదే దివ్య, పంతొమ్మిదేళ్ళకు.

రెండోది ఆరంభం. అల్మాటీలో తొలి రోజు పతకాల వరుసకు చాలా దూరంలో ఉండి రెండో రోజు పుంజుకుంది. 2024లో న్యూయార్క్‌లో మొదటి ఆటే ఓడి, 11 ఆటల్లో 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. దెబ్బతిన్నాక లేవడం ఆమె గొప్పతనం. కానీ అందుకు పొడవైన టోర్నమెంటు కావాలి. ఆన్‌లైన్ నాకౌట్ పోటీ త్వరగా తేలిపోతుంది. అక్కడ వేడెక్కడానికి వ్యవధి ఉండదు.

మూడోది చేతి పనిముట్టు. మౌస్, ప్రీమూవ్, తెర మీద చూపు. ఇది అన్నిటికన్నా సులువుగా వచ్చేది, అన్నిటికన్నా చిన్నది. రోజూ సాధన చేస్తే నెలల్లో అబ్బుతుంది. మన హారిక 2021 మహిళల స్పీడ్ చెస్‌లో ఫైనల్ దాకా వెళ్ళి హౌ యీఫాన్ చేతిలో ఓడింది. బల్ల మీద పెరిగిన తరం కూడా తెరను నేర్చుకోగలదని అది చూపించింది.

ఇక తీగ సంగతి. దాన్ని ఆటగాళ్ళ లోపాల పట్టికలో రాయడం అన్యాయం. రెండు వేర్వేరు కంపెనీల లైన్లు, కరెంటు పోతే వెంటనే అందుకునే యూపీఎస్, పక్కన ఒక సాంకేతిక మనిషి, ఇవి సమాఖ్య సమకూర్చవలసినవి. ఏ టెలిఫోన్ ఎక్స్ఛేంజీనీ మేము ఒక్క లైను మీద నడపలేదు. దేశం జట్టును మాత్రం ఎందుకు నడపాలి?

ఈ కథ మన సంచికలో ఎందుకంటే, మన బడి పిల్లలు ఈ రోజు చదరంగం నేర్చుకుంటున్నది ఫోన్‌లోనే. వాళ్ళకు హంపికి లేని వేగం ముందే వస్తోంది. హంపికి ఉన్న లోతు మాత్రం వేలితో గీస్తే రాదు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని, ఎత్తులు కాగితం మీద రాసుకుంటూ, ఓడిన ఆటను మళ్ళీ వేసి చూసుకుంటే వస్తుంది. ఆ అలవాటు నేర్పగలిగింది బడి, గురువులు. అందుకని సంఘానికి నా ప్రతిపాదన ఒకటి. స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడికి ఇరవై బల్లలు, ఇరవై చదరంగం గడియారాలు కొందాం. ప్రతి శనివారం చివరి పీరియడు వాటికి ఇవ్వమని ప్రధానోపాధ్యాయుల వారిని అడుగుదాం. గడియారాల ఖర్చు నేను పెట్టుకుంటాను. బల్లల సంగతి మిగతా బ్యాచ్‌ల వాళ్ళు చూసుకోండి.