కార్లైల్ సంతలో 1957 షెవర్లే

ఏప్రిల్ నెల, పొద్దున్నే. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో గడ్డి ఇంకా ఆరలేదు. నాలుగడుగులు వేసేసరికి మీ బూట్లు తడిశాయి. దారికి రెండు పక్కలా టార్పాలిన్ల మీద కార్బురేటర్లు, క్రోమ్ వెలిసిన బంపర్లు, స్టీరింగ్ చక్రాలు పరిచి ఉన్నాయి. 1974లో బిల్ మిల్లర్, చిప్ మిల్లర్ అనే ఇద్దరు మిత్రులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కార్ల కోసమని మొదలుపెట్టిన సంత ఇది. ప్రతి టార్పాలిన్ దగ్గరా ఆగాలనిపిస్తుంది. ఆగకండి. అమ్మకానికి పెట్టిన కార్ల వరుస అవతల ఉంది. ఎండెక్కితే అక్కడ కాలు పెట్టే చోటుండదు.

అదిగో. 1957 షెవర్లే బెల్ ఎయిర్, రెండు తలుపుల బండి. ఒళ్లంతా నీలిపచ్చ, పైకప్పు దంతపు తెలుపు. ఆ తెలుపుకి షెవర్లే వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఇండియా ఐవరీ’. వెనక రెండు రెక్కలు, బానెట్ మీద రాకెట్ల ఆకారంలో రెండు క్రోమ్ ముక్కలు, ముందు బంగారు రంగు గ్రిల్. పాత తెలుగు సినిమాల్లో జమీందారు మేడ ముందు వచ్చి ఆగే పొడుగాటి అమెరికా కార్లను చూసి పెరిగినవాళ్లకు ఈ తీరు కొత్త కాదు. పెట్రోలు మూత ఎక్కడుందో వెతకండి చూద్దాం. ఎడమ రెక్క చివరనున్న క్రోమ్ పట్టీని పట్టి లాగితే తెరుచుకుంటుంది, దాని వెనక దాచారు. అద్దం వెనక అట్టముక్క మీద రాసి ఉంది: ఎల్‌ఎస్3 ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్, ముందు డిస్క్ బ్రేకులు. కింద ధర. దాని కింద, బేరం ఆడొచ్చని ఒక మాట.

బానెట్ ఎత్తి ఉంది, జనమంతా అక్కడే మూగారు. మీరు అటు వెళ్లకుండా ముందు డ్రైవరు తలుపు తెరవండి. తలుపు కీళ్లుండే స్తంభం మీద చిన్న రేకు, దాని మీద బండి నంబరు. బొటనవేలితో తుడిచి చదవండి. సీ57 అని మొదలైంది. ఎనిమిది సిలిండర్లతో ఫ్యాక్టరీ దాటిన బెల్ ఎయిర్ అయితే వీసీ57 అని ఉండాలి. అంటే ఇది ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో పుట్టిన బండి, ఆ రోజుల్లో దాని బలం 140 హార్స్‌పవర్. మరి బానెట్ మీద ఆ బంగారు రంగు ‘వీ’ ఎక్కడిది? ఎనిమిది సిలిండర్ల బండికి తప్ప కంపెనీ ఆ గుర్తు పెట్టేది కాదు.

పక్కనే మడత కుర్చీలో కాఫీ తాగుతున్న పెద్దాయనను అడగండి.

“సిక్స్‌తో పుట్టిందే. నేను కొన్ననాటికి అసలు ఇంజినే లేదు. ఆ వీ గుర్తు నేను బిగించిందే, అందంగా ఉంటుందని” అంటారాయన, ఏ తడబాటూ లేకుండా.

ఈ జవాబుకు నేను చాలా విలువ ఇస్తాను. ఇలాంటి సంతల్లో 1957 షెవర్లేకి ఇంజిన్ నంబరూ బండి నంబరూ కలుస్తాయని చెప్పి ధర పెంచేవాళ్లు తగులుతుంటారు. ఆ ఏడాది కార్ల ఇంజిన్ మీద తయారైన చోటు, తేదీ, రకం తెలిపే కోడ్ మాత్రమే ఉంటుంది, బండి నంబరు ఉండదు. లేని నంబరు ఎలా కలుస్తుంది?

ఇంజిన్ మార్చిన పాత కారంటే మొహం తిప్పుకునేవాళ్లూ ఉన్నారు. నాకా పట్టింపు లేదు. అసలు ఇంజిన్ ఎప్పుడో పోయిన బండికి మరో ఇంజిన్ పెట్టి రోడ్డెక్కించడం దాన్ని బతికించడమే. కానీ అదే 1957లో 283 ఘనపు అంగుళాల వీ8కి రోచెస్టర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ తగిలించి 283 హార్స్‌పవర్ రాబట్టిన బండ్లు వచ్చాయి. అలాంటిది చెక్కుచెదరకుండా ఎదురైతే దాని ఇంజిన్ దింపాలనుకోవడమే ఘోరం. ఇది ఆ జాతి బండి కాదు, ఆ బాధ మనకు లేదు.

ఇప్పుడు అట్ట పరుచుకుని బండి కింద పడుకోండి. చల్లగా వీపుకి తగులుతుంది, ఓర్చుకోండి. జేబులోని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది పట్టీ మీద, ముందు మడ్‌గార్డుల వెనక అంచున, డిక్కీ నేల మీద ఆనించి చూడండి. పట్టుకోని చోట ఉన్నది రేకు కాదు, రంగు కింద దాచిన పుట్టీ. ఇక్కడ అన్నిచోట్లా గట్టిగానే పట్టుకుంది.

తల పైకెత్తండి. ఎల్‌ఎస్3 అంటే 2008 కార్వెట్‌లో వచ్చిన 6.2 లీటర్ల అల్యూమినియం ఇంజిన్, 430 హార్స్‌పవర్. 1957 నాటి ఛాసిస్‌లో దాన్ని కూర్చోబెట్టాలంటే బోల్టులు విప్పి బిగిస్తే సరిపోదు. 1957 దాకా షెవర్లే ఇంజిన్లను ముందు భాగంలో ఆనించి కట్టేవారు. ఈ కొత్త ఇంజిన్‌కి ఆనుబడి పక్కల ఉండాలి. ఛాసిస్‌కి వెల్డింగ్ చేసిన ఆ బ్రాకెట్లను వేలితో తడమండి. అతుకు సమంగా, పగులు లేకుండా ఉంది. గేర్‌బాక్స్ కింద అడ్డంగా వేసిన దూలం కూడా కొత్తదే. వెనక ఇరుసు చూస్తే ఫోర్డ్ వాళ్ల తొమ్మిదంగుళాల రకం. షెవర్లే కింద ఫోర్డా అని నొచ్చుకోకండి, ఇంత బలం మోయడానికి చాలామంది నమ్ముకునేది దాన్నే. బ్రేకుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 1957లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్‌కి ఒకే గది. ఎక్కడ కారినా పెడల్ నేలకంటుతుంది. ఈయన ముందు డిస్కులు వేసి, మాస్టర్ సిలిండర్ కూడా రెండు గదులది పెట్టారు. ఇంజిన్‌కి పెట్టిన శ్రద్ధే బ్రేకులకూ పెట్టారని తెలిసి మనసు కుదుటపడుతుంది.

లేచి, దుమ్ము దులుపుకుని సైలెన్సర్ పైపు మీద చెయ్యి వేయండి. చల్లగా ఉంది. మనం రాకముందే వేడెక్కించి పెట్టలేదు. పెద్దాయన తాళం ఇస్తారు. సోఫాలాంటి పొడుగు సీటు, ఎదురుగా బారెడు డ్యాష్‌బోర్డు. తాళం సగం తిప్పగానే వెనక ట్యాంకులో పంపు రెండు క్షణాలు సన్నగా కూసి ఆగుతుంది. ఇంకొంచెం తిప్పండి. ఆక్సిలరేటర్ తొక్కే పనే లేదు, ఒక్క ఊపులో అందుకుంది. ఆ గుర్రు పాదాల నుంచి ఛాతీదాకా పాకుతుంది. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే స్కానర్ తగిలించే ప్లగ్ దొరుకుతుంది. 1957 కారులో స్కానర్! తగిలించి చూడండి, లోపం చూపే కోడ్ ఒక్కటీ లేదు.

అంతలో వాసన. పెట్రోలు.

వెంటనే ఆపి, బానెట్ దగ్గరకి రండి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఇంజిన్‌కి కలిసేచోట జానెడు మామూలు రబ్బరు పైపు వేసి, స్క్రూతో బిగించే క్లిప్పు పెట్టారు. ఆ క్లిప్పు అంచున తడి మెరుస్తోంది, కిందనే ఎగ్జాస్ట్ గొట్టాలు. కార్బురేటర్ కాలంలో పంపు ఒత్తిడి ఐదారు పీఎస్‌ఐ ఉండేది, ఈ క్లిప్పు దానికి చాలు. ఎల్‌ఎస్3కి కావలసింది 58. ఇంత చక్కని పని చేసినవాళ్లు ఈ జానెడు దగ్గర సరిపెట్టుకోవడం చూస్తే గుండె కలుక్కుమంటుంది, ఎందుకంటే బండి తగలబడేది సరిగ్గా ఇలాంటి చోటే.

చూపిస్తే పెద్దాయన వంగి, వేలితో తుడిచి వాసన చూసుకుంటారు. “రాత్రిదాకా లేదు” అంటారు నెమ్మదిగా. “రోడ్డు మీదికి తీసుకెళ్తారా?” అని మాత్రం అడగరు. అడిగినా వద్దనండి.

మంచి బండి, కొనదగ్గ బండి. అయితే ముందు ఆ ముక్క తీసేసి, ఇంజెక్షన్ ఒత్తిడికి చేసిన అల్లిక పైపు సరైన ఫిట్టింగులతో వేయించమనండి. తర్వాత నడిపి చూడండి. ఇంజిన్, గేర్‌బాక్స్ కొన్న రశీదులు అడిగి తీసుకోండి, టైటిల్ కాగితం మీద నంబరును స్తంభం మీది రేకుతో అక్షరం అక్షరం సరిచూడండి. పెన్సిల్వేనియా టైటిల్ మీద అమ్మేవారి సంతకం నోటరీ ముందే జరగాలి. ఆ పైపు మారేదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.