జపాను బడిలో పరదేశి పంతులు

1987లో జపాను ప్రభుత్వం నాలుగు ఇంగ్లీషు దేశాల నుంచి 848 మంది యువతీయువకులను పిలిపించి తన బడులలో ఇంగ్లీషు చెప్పించడం ప్రారంభించింది. ఆనాటి నుంచి అలా వెళ్ళినవారు చెప్పే అనుభవాలు ఇంచుమించు ఒక్కటే: పిల్లలందరూ ఒక్కసారి లేచి వంగి నమస్కరించడం, తరగతిలోని నిశ్శబ్దం, తమ దిగ్భ్రమ. కారణం అడిగితే "జపాను జాతి స్వభావం" అంటారు. ఈ జవాబు చరిత్రకు నిలవదు.

పరదేశి పంతుళ్ళు జపానుకు కొత్త కాదు. 1868 తరవాత మెయిజీ ప్రభుత్వం వారిని గడువు పెట్టి, పెద్ద జీతాలిచ్చి రప్పించుకుంది. (మన దేశానికి వచ్చిన దొర పంతులు పాలకుల మనిషి, అక్కడికి వెళ్ళినవాడు జీతగాడు. ఈ తేడా మరవరాదు.) వారిలో విలియం ఎలియట్ గ్రిఫిస్ అనే అమెరికను 1871 మార్చిలో ఫుకుయి సంస్థానంలో రసాయనశాస్త్రం చెప్పడానికి చేరాడు. ప్రాచ్యవైభవాన్ని ఊహించుకుంటూ వెళ్ళినవాడికి ముందు కంటబడింది ప్రజల దారిద్ర్యం. బడిలో ఎదురైనవారు నడుముకు కత్తులు, నెత్తిన సిగలు, కాళ్ళకు చెక్కచెప్పులు ఉన్న సమురాయి యువకులు. ఆ ఏడాదే సంస్థానాలు రద్దయినాయి. అక్టోబరు 1న ఫుకుయి ప్రభువు తన కోటలో పరివారానికి వీడ్కోలు చెబుతూంటే గ్రిఫిస్ చూస్తూ ఉన్నాడు. పంతులు తత్తరపాటు తీరకముందే, అతణ్ణి తత్తరపెట్టిన వ్యవస్థే కూలిపోయింది! 1876లో అచ్చయిన తన గ్రంథంలో అతడు ముందు భాగమంతా ఆ దేశ చరిత్రకిచ్చి, సొంత అనుభవాలను తరవాతి భాగంలో పెట్టాడు. ఇది వివేకం.

లాఫ్కాడియో హెర్న్ సంగతి వేరు. 1890 ఆగస్టు చివర మత్సుయే పట్టణంలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా చేరిన హెర్న్‌కు అంతా మనోహరంగానే తోచింది. అతని కన్ను సూక్ష్మమైనది, కాదనలేం. ఉపాధ్యాయుడు అక్కడ అన్నగారివంటివాడనీ, దండన లేదనీ రాశాడు. పంతులు నచ్చకపోతే విద్యార్థులు పాఠానికి రావడం మానివేసి, అతణ్ణి మార్చమంటారని కూడా రాశాడు. అణకువే జాతిలక్షణమయితే ఈ సమ్మెలు ఎక్కడివి? ఆ ప్రశ్న హెర్న్ వేసుకోలేదు.

నవంబరు 3 చక్రవర్తి జన్మదినం. బడిలో ఆయన చిత్రపటానికి హెర్న్ కూడా వంగి నమస్కరించాడు. వెనుకటి పరదేశి పంతులు తమను అనాగరికులన్నాడనీ, తన దేవుణ్ణి తప్ప దేనినీ గౌరవించరాదన్నాడనీ ఒక విద్యార్థి చెప్పుకున్నాడు. చక్రవర్తిని గౌరవించడం మీ పరమధర్మమని హెర్న్ అతనికి ధైర్యం చెప్పాడు. ఒకరు అనాగరికమన్నారు, ఒకరు పవిత్రమన్నారు. ఇద్దరూ దాన్ని అనాదిగా వచ్చినదిగానే తలచారు.

నిజానికి దాని వయసెంత? విద్యను గురించిన రాజశాసనం వెలువడింది 1890 అక్టోబరు 30న, ఆ జన్మదినానికి నాలుగు రోజుల ముందు! ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాలలలో సైనిక కవాతు పెట్టినది విద్యామంత్రి మోరి అరినోరి. అదీ 1886 నాటి సంగతే. అంతకు మునుపు 1872లో ప్రభుత్వం అందరికీ చదువన్నది గాని, ఖర్చు ప్రజల నెత్తిన వేసింది. ఆ భారం, నిర్బంధ సైనికసేవ భరించలేక 1873లో పడమటి జిల్లాల రైతులు తిరగబడి, బడులను తగలబెట్టారు. అలాంటి జనాన్ని లొంగదీయడానికి పాలకవర్గం పూనికతో అల్లిన క్రమశిక్షణ అది. శాసనం ముందు తల చాలినంతగా వంచలేదని 1891లో ఉచిమురా కాంజో అనే జపాను ఉపాధ్యాయుడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. జాతిస్వభావానికి ఇంత బలవంతం ఎందుకు? చివరకు 1948లో జపాను పార్లమెంటు ఆ శాసనం చెల్లదని తీర్మానించింది.

హెర్న్ 1896లో జపాను పౌరుడై కొయిజుమి యకుమో అని పేరు పెట్టుకున్నాడు. 1903లో టోక్యో విశ్వవిద్యాలయం అతణ్ణి తొలగించినప్పుడు అభ్యంతరం చెప్పినవారు అతని విద్యార్థులు.