కొండ మెట్లు, రక్తపు పోటు

తిరుపతిలో పుట్టి పెరిగినవారికి కొండ మెట్లను గురించి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు; చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టు దారిన సుమారు 2,400. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా పైకి పోవలసినవారికి కాళ్ళే దిక్కు. నడవలేనివారికి డోలీ.

మా దాదా స్టేషను నుండి అలిపిరికి జట్కా తోలేవారు. డోలీవాళ్ళను తలచుకొని, "మనిషిని భుజాన మోస్తా, మాట్లాడుకుంటా ఎక్కేవాళ్ళురా, ఆయాసమనేదే లేదు" అనేవారు. ఈ మాటలు ఆయన మంచంలో ఉండి చెప్పినవి. అరవై నిండకముందే పక్షవాతం వచ్చినది. బి.పి. ఉన్నదని ఇంట్లో తెలిసింది ఆనాడే.

నబ్జ్ పట్టి చూసే విద్య మన హకీములకు ఏనాటినుండో ఉన్నది. ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఆరోగ్యరక్షణకు వర్జిష్‌ను ముఖ్యంగా చెప్పినారు. కాని పోటును అంకెల్లో కొలవడం చాలా తర్వాతి మాట. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ గుర్రం రక్తనాళానికి గాజుగొట్టం బిగించి కొలిచిన సంగతి 1733లో ప్రకటించినాడు. చేతికి పట్టీ చుట్టే పద్ధతి 1896లో ఇటలీ డాక్టరు రీవా రోచ్చీది. స్టెతస్కోపుతో చప్పుడు వినడం 1905లో రష్యా డాక్టరు కొరొట్కాఫ్‌ది.

ఇక మెట్ల సంగతి. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పోల్చి చూసినారు. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చొని తోలే డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువ. అయితే ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల నడుములు లావని వారి యూనిఫారం కొలతలవల్ల తర్వాత ఆయనే బయటపెట్టినారు. అంతా మెట్ల మహిమే అనలేము. అయినా ఇది చదివినప్పుడు మాకు డోలీవాళ్ళు, దాదా జట్కా గుర్తుకు వచ్చినవి.

నడిస్తే నాళాలకు ఏమౌతుంది? రక్తనాళం లోపల పలుచని పొర ఒకటి కలదు. రక్తం వేగంగా ఒరుసుకొని పారితే ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుస్తుంది. దానితో నాళం వదులై వెడల్పవుతుంది. ఈ పొర పనిని ఫర్చ్‌గాట్ 1980లో తెలిపినాడు. 1998లో మరి ఇద్దరితో కలిసి ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. మెట్లెక్కేటప్పుడు పై అంకె పెరుగుతుంది, దిగిన తర్వాత కొన్ని గంటలు మామూలుకంటే తగ్గి ఉంటుంది. నెలల తరబడి నడిస్తే బి.పి. ఉన్నవారికి పై అంకె సుమారు 5 నుండి 8 వరకు తగ్గవచ్చు. మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్ళీ మొదటికి. కనుక నడుస్తున్నామని మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దని మనవి.

అలవాటు లేనివాడు ఒక్కనాడు మూడువేల మెట్లు ఎక్కబోవడం వేరు సంగతి. 60 దాటి బి.పి., షుగర్ ఉన్నవారు కాలినడకన రావద్దని 2024లో దేవస్థానమువారే సూచించినారు.

"ఐదు పూటలా నమాజులో వంగి లేస్తాం గదా సార్, అది చాలదా?" అని పెద్దలు మమ్మల్ని అడుగుతూంటారు. కీళ్ళకు మంచిదే. కాని డాక్టర్లు చెప్పేది వారానికి 150 నిమిషాల చురుకైన నడక. మసీదుకు నడిచి వస్తే అదీ లెక్కలోకి వస్తుంది. ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా స్కూటరు మీద వచ్చేవారే. నిరుటిదాకా మేమూ వారిలోనివారమే.