స్వీయ హోస్టింగ్

బ్లాగును ఉచిత వేదికపై కాకుండా సొంత డొమైన్ పేరుతో, సొంత లేదా అద్దె సర్వరులో నడపడాన్ని స్వీయ హోస్టింగ్ అంటారు. ఇందుకు విరివిగా వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దీన్ని 2003లో విడుదల చేశారు. టపాలు, వ్యాఖ్యలు డేటాబేసులో, బొమ్మలు ఫైళ్లుగా భద్రమవుతాయి.

నేపథ్యం: 1999లో మొదలై 2003లో గూగుల్ చేతికి వచ్చిన బ్లాగర్ వంటి ఉచిత వేదికల్లో ఖర్చు, నిర్వహణ భారం ఉండవు. అయితే వాటి మనుగడ యజమాని సంస్థ నిర్ణయంపై ఆధారపడుతుంది. అమెరికాలో జియోసిటీస్‌ను యాహూ 2009లో, పోస్టరస్‌ను ట్విట్టర్ 2013లో మూసివేశాయి.

ఎంపిక: హోస్టింగ్ సంస్థను మార్చినా సొంత డొమైన్ వల్ల చిరునామా మారదు. సంస్థ ఇచ్చే అప్‌టైమ్ హామీ ముఖ్యం: 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాల అంతరాయానికి అవకాశం ఉన్నట్టే. రోజువారీ బ్యాకప్, ఎస్‌ఎస్‌ఎల్ ధ్రువపత్రం, సత్వర సహాయం కూడా చూడాలి.

పరిమితులు: డొమైన్‌ను గడువులోగా పునరుద్ధరించడం, సాఫ్ట్‌వేరును తాజాపరచడం యజమాని బాధ్యతే. రాతలు పదికాలాలు నిలవాలంటే వాటి నకలు ఒకటి రచయిత దగ్గర తప్పక ఉండాలి.