పత్తికొండ భూమి లెక్కలు

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న సీమలో పత్తికొండ ఒక భాగం. దత్తమండలాలు అనే ఆ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో భూమి సర్వే మొదలుపెట్టించాడు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలాన్నీ కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఒక గుంట; 40 గుంటలు ఒక ఎకరం. ఒకరు కొలిచినదాన్ని మరొకరు సరిచూసేవారు. ప్రతి పొలానికీ ఒక నంబరు పడింది. రైతు మారినా, పైరు మారినా ఆ చేను ఆ నంబరు కిందే లెక్కకెక్కేది.

అంతకుముందు ఊరి భూమి సంగతులు కరణాల కవిలెల్లోనూ, వారి జ్ఞాపకంలోనూ ఉండేవి. మన్రో నిలబెట్టిన రైత్వారీ పద్ధతిలో సర్కారు ఒక్కో రైతుతో శిస్తు నేరుగా తేల్చుకోవాలి. వాన నమ్మకం లేని మెట్టసీమలో ఎవరు ఎంత సాగుచేశారు, ఎంత బీడు పెట్టారు, ఎవరికి ఎంత రెమిషన్ (శిస్తు మినహాయింపు) ఇవ్వాలి అన్నది ఏటా మారుతుంది. ఈ మార్పులన్నిటినీ ఒక్కచోట స్థిరపరిచేది జమాబంది. ఏడాదికోసారి కరణాలు లెక్కలు పట్టుకొని వస్తే, అధికారి వాటిని తాలూకా లెక్కతో సరిచూసి శిస్తు ఖరారు చేసేవాడు. మరుసటి ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) లెక్క అక్కడి నుంచి మొదలయ్యేది. మధ్యలో ఏ కాగితం పోయినా వెనక్కి వెళ్ళి ఆనుకోవడానికి ఒక గట్టి మెట్టు ఉండేది. ఈ ఏర్పాటు అసలు బలం ఇదే.

మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ మన్రో 1827 జూలై 6న పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. గుత్తిలో పూడ్చిన అస్థికలను తర్వాత మద్రాసుకు తరలించారు. పత్తికొండలో ఆయన పేరున మెట్లబావి, తోపు వెలిశాయి. పద్ధతిని నిలబెట్టినవాడు పోయినా పట్టాలు నిలిచాయి, ఎందుకంటే అవి కచేరీ కాగితాల్లో ఉన్నాయి. 1858లో తాలూకా బళ్ళారి నుంచి కర్నూలు జిల్లాకు మారినా రైతుల పట్టాలు రద్దు కాలేదు.

లోపం మరోచోట ఉండేది. రాసేవాడు, దాచేవాడు ఒక్కడే, అదీ వంశపారంపర్యంగా. కరణం తప్పు రాస్తే పై కచేరీకి చేరేదీ ఆ తప్పే. నకళ్ళు ఎన్ని ఉన్నా పోగొట్టుకోకుండా కాపాడతాయి గానీ తప్పును పట్టివ్వవు. 1971 పట్టాదారు పాసు పుస్తకాల చట్టం రైతు చేతికే ఒక రుజువు ఇవ్వాలని చూసింది. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పాత లెక్కల అప్పగింత అన్ని ఊళ్ళలో సాఫీగా సాగలేదు. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

పనిచేసేవాడు పోయినా లెక్క నిలవాలన్న ఇదే చిక్కు కంప్యూటర్లలో సర్వర్‌లెస్ క్లౌడ్‌తో ముందుకొచ్చింది. అమెజాన్ 2014 నవంబరులో లాంబ్డా అనే సేవను ప్రకటించింది. అందులో ప్రోగ్రాము పని పడినప్పుడు ఏదో ఒక యంత్రం మీద లేచి, పని చేసి పోతుంది. తనదంటూ ఏదీ గుర్తుంచుకుంటుందని నమ్మడానికి లేదు. గుర్తుండవలసిందంతా విడిగా ఒక నిల్వలో రాయాలి. పని మధ్యలో యంత్రం ఆగిపోతే ఇంకొకటి ఆఖరి నమోదు చదివి అక్కడి నుంచి సాగించాలి. అదే అభ్యర్థన రెండుసార్లు వస్తే డబ్బు రెండుసార్లు పడకుండా ప్రతి అభ్యర్థనకూ విడి నంబరు ఉండాలి. మైక్రోసాఫ్ట్ 2017లో తెచ్చిన డ్యూరబుల్ ఫంక్షన్స్ జరిగిన అడుగులన్నీ వరసగా రాసిపెట్టి, అంతరాయం కలిగితే వాటిని మళ్ళీ నడిపి పాత స్థితికి చేరుకుంటుంది. 2022 నవంబరులో తెరిచిన అమెజాన్ హైదరాబాదు కేంద్ర సముదాయం మూడు విడి విభాగాలుగా ఉంది. ఒకటి చెడినా మిగిలినవి పనిచేయాలన్నది ఆలోచన.

పత్తికొండ అడంగలు (సాగు లెక్క), 1-బి (హక్కుల లెక్క) ఇప్పుడు 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌లో కనిపిస్తాయి. పుస్తకం చెదలు తినే భయం తగ్గింది. తప్పు నమోదు మాత్రం తెరమీదా తప్పుగానే ఉంటుంది. 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే ప్రారంభించడానికి ఒక కారణం ఇదే. గట్టు తగాదా వస్తే ఇప్పటికీ పాత డైగ్లాటు (సెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) తీసి చూస్తారు.