గేదెలు లేని ఘనా

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఘనా దానంతటది పుట్టిన చిత్తడి కాదు, మనిషి చేసుకున్నది. 18వ శతాబ్దంలో జాట్ రాజు సూరజ్‌మల్ అజాన్ కట్ట కట్టించాడు. అక్కడి పల్లంలో నీళ్లు నిలిచాయి, చేపలు పెరిగాయి, పక్షులు దిగాయి. తర్వాతి రాజులు దాన్ని బాతుల వేటకు ఉంచుకున్నారు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కొట్టింది. ఆ లెక్క కేవలాదేవ్ గుడి దగ్గర రాతి పలక మీద చెక్కి ఉంది. అంత వేటకూ తట్టుకున్న ఘనా కాపలాకు తట్టుకోలేకపోయింది.

చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా అక్కడే మేసేవి. గేదె పొట్టదాకా నీళ్లలో దిగి, ఆవు మూతి పెట్టని ముతక గడ్డిని కూడా పీకి నములుతుంది. అది తిరిగిన మేర గడ్డి విడిపోయి నీళ్లు కనబడతాయి. ఆ ఖాళీలోనే బాతులు ఈదేవి, చేపలు తినే పిట్టలు వేటాడేవి. ఈ పనికి గేదెకు ఎవరూ కూలి ఇవ్వలేదు, గుర్తించనూ లేదు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ సహా పెద్దలు చాలామంది మేత ఆపాలనే అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఘనాను పొలాలుగా పంచాలన్న ఒత్తిడి నుంచి దాన్ని కాపాడినవాళ్లలో ఆయనొకరు. అలాంటి మనిషి మాటను కాదనే ధైర్యం ఎవరికుంటుంది? 1982లో ఘనా జాతీయ పార్కు అయింది. జాతీయ పార్కులో పశువుల మేతకు చట్టం ఒప్పుకోదు. ఆ నవంబరులో గేదెల్ని లోపలికి రానివ్వలేదు. ఊళ్లవాళ్లు ఎదురుతిరిగారు, పోలీసులు కాల్చారు. పశువులు మేపుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరు శవాలై ఇంటికి వెళ్లారు.

ఆ తర్వాత గడ్డి వంతు వచ్చింది. పాస్పాలం అనే గడ్డి కణుపు కణుపుకూ వేరు వేసుకుంటూ నీటి మీద చాపలా పరుచుకుంది. 1985లో యునెస్కో ఘనాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికే లోపల నీళ్లు గడ్డి కింద కనుమరుగవుతున్నాయి. కోసుకుపొమ్మని ఊళ్లవాళ్లకు అనుమతిచ్చారు గానీ, మోకాటి లోతు నీళ్లలో కొడవలి ఎంత కోస్తుంది?

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ, అంటే సలీం అలీ సొంత సంస్థే, వి.ఎస్. విజయన్ నాయకత్వంలో ఏళ్ల తరబడి ఆ చిత్తడిని పరిశీలించింది. తేలిందేమిటంటే, గడ్డిని అదుపులో పెట్టింది గేదెలే, అవి లేకే పక్షులకు చోటు తగ్గింది. సలీం అలీ 1987లోనే కన్నుమూశారు, ఆ పరిశీలన నివేదిక చూడలేదు.

కష్టాలు అక్కడితో ఆగలేదు. ఎగువన గంభీర్ నది మీద పాంచనా డ్యాం వచ్చి నీళ్లు సన్నగిల్లాయి. ఎండిన నేలంతా సర్కారు తుమ్మ ఆక్రమించింది. 1960లలో 200 దాకా వచ్చిన సైబీరియా కొంగల్లో చివరి జంట 2001-02 చలికాలంలో కనబడింది, ఆ తర్వాత లేదు. ఈ నేరం పార్కు మీద వేయడం అన్యాయం. దారిలో అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌లలో వేటగాళ్లు ఆ కొంగల్ని ఎక్కువగా బలి తీసుకున్నారు.

గేదెల విషయంలో మాత్రం నేరం పార్కుదే. పరిశీలన 1980లో మొదలైంది, మేత 1982లో ఆపారు, నివేదిక 1991లో వచ్చింది. జవాబు కోసం ఆగి ఉంటే ఆ కాల్పుల అవసరమే వచ్చేది కాదు. నివేదిక వచ్చాక కూడా చట్టం మారలేదు, గేదెలకు నేటికీ లోపలికి ప్రవేశం లేదు.